రంపం అక్కర్లేదు, సుగుణా

సుగుణా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సమాధి దగ్గర పువ్వులు పెట్టి, నేరుగా రేపల్లె స్టేషనుకెళ్ళి తెనాలి రైలెక్కాను. ఎందుకో వింటే నవ్వుతావు. చచ్చిన కుక్కను కోస్తుంటే చూడటానికి!

పోయిన నెల నీ కుక్క చిట్టిని నిజాంపట్నం చేపల ఆటో గుద్దింది. ముందుకాలు చచ్చుబడి, ఈడ్చి ఈడ్చి పుండుపడింది. కాలు తీసేయకపోతే ప్రాణం మీదికొస్తుందని తెనాలిలో పశువుల డాక్టరమ్మ నిన్న చెప్పింది. భుజం దగ్గర రంపం పెడతారనుకుని హడలిపోయాను. దాని గోరు కత్తిరిస్తేనే నువ్వు ఊరుకునేదానివి కాదు. నా భయం చూసి, "రేపు మా స్టూడెంట్లకు చచ్చిన కుక్కను కోసి చూపిస్తున్నాను, మీరూ రండి బాబాయ్ గారూ" అంది.

బల్ల మీద జబ్బుచేసి పోయిన వీధికుక్క ఉంది. "మనకు మెడ కింద అడ్డంగా ఎముక ఉంటుంది కదా, దీనికెక్కడుందో పట్టుకోండి" అంది డాక్టరమ్మ. గ్లౌజులేసుకుని ఎంత తడిమినా తగలలేదు.

"దొరకట్లేదండి."

"ఉంటే కదండీ దొరకడానికి!"

పిల్లలంతా నవ్వారు, నేనూ నవ్వాను. కుక్కకు ఆ ఎముకే ఉండదు సుగుణా! ముందుకాలిని, భుజం మీది రెక్క ఎముకతో సహా, ఒంటికి పట్టి ఉంచేవి కండలే. ఒక్కో కండనూ విడదీస్తుంటే కాలు మొత్తం నెమ్మదిగా ఆమె చేతిలోకి వచ్చేసింది. ఎక్కడా ఎముక కోయలేదు. ఇన్నేళ్ళు నా అంతట నేను ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఇంత సంతోషం కలగలేదు. మూడు కాళ్ళతో చిట్టి పరుగెడుతుందట కూడా!

"అయితే రేపే చేసేద్దామా?" అంది డాక్టరమ్మ.

"అది మా ఆవిడ కుక్కండి."

"మరి ఆవిడ ఒప్పుకోవద్దూ?"

"ఇవాళే ఒప్పిస్తానండి" అన్నాను.