పళ్లెం పక్కకు పంపినందుకు

అన్నయ్యకు,

"ప్రభువునందు ప్రియమైన" అని మొదలుపెట్టి కొట్టేశాను. ప్రస్తుతం నువ్వు నాకు ప్రియంగా లేవు. పై అంతస్తులో ఉన్నవాడికి ఉత్తరమేమిటని మీ మరదలు నవ్వింది. ఎదురుగా నిలబడితే ఇద్దరం అరుచుకుంటాం, అమ్మ వింటుంది. అందుకే రాస్తున్నాను.

మొన్న ఆదివారం నువ్వు రొట్టె పళ్లెం పట్టుకుని మా వరసకు వచ్చినప్పుడు నేను తీసుకోకుండా పక్కకు పంపాను. సహోదరుడి మీద కోపం పెట్టుకుని ప్రభువు భోజనపు బల్లలో చెయ్యి వేయకూడదని మనకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. నాకు కోపం ఉంది, తీసుకోలేదు. ఇందులో చిక్కేమీ లేదనుకున్నాను. పనిచేసే చోట లిఫ్టు తీగలో కాస్త తేడా కనిపించినా "వాడరాదు" అని బోర్డు తగిలిస్తాను. జనం మెట్లెక్కుతూ తిడతారు గాని నన్ను అనుమానించరు. మందిరంలో అలా జరగలేదు. ఆరాధన ముగిసేలోగా నేను తాగుతున్నానని ఒక వరస, ఎవరితోనో తిరుగుతున్నానని ఇంకో వరస తేల్చేశాయి. పాటల బృందంలో పొడుగాయన మెట్ల దగ్గర నా భుజం మీద చెయ్యి వేసి, "పడిపోవడం ఎవరికైనా ఉంటుంది తమ్ముడూ, లేవడమే ముఖ్యం" అన్నాడు. గోడ గొడవలో పక్కింటివాళ్లతో ఆయన ఏళ్లుగా మాట్లాడడు. రొట్టె మాత్రం ఏ నెలా వదలడు.

ఇంటికొచ్చాక మీ మరదలు, "ఆ ముక్క నోట్లో వేసుకుంటే మీ సొమ్మేం పోయింది? అందరూ నన్ను జాలిగా చూస్తున్నారు" అంది.

"కోపం ఉంది కదా" అన్నాను.

"కోపం లేనివాళ్లే తినాలంటే పళ్లెం నిండుగానే వెనక్కి పోతుంది."



కోపమెందుకో నీకు తెలుసు. నాన్న జ్ఞాపకార్థ కూటంలో నువ్వు లేచి, నాన్న కీర్తన పాడుతూ ప్రభువు దగ్గరకు వెళ్లాడని సాక్ష్యం చెప్పావు. నాన్న పోయేటప్పుడు ఆ గదిలో మనిద్దరమే ఉన్నాం. అమ్మ వంటగదిలో ఉంది. నువ్వు ప్రార్థన అందుకున్నావు. నాన్న కళ్లు తెరిచి, "చాల్లేరా, కాసేపు ఊరికే కూర్చో" అన్నాడు. నువ్వు ఆపలేదు. ఆయన గోడవైపు తిరిగాడు. అంతే జరిగింది. పాట లేదు.

ఇప్పుడు పాస్టరుగారు నీ సాక్ష్యాన్ని ప్రసంగాల్లో చెబుతున్నారు. జబ్బుతో ఉన్నవాళ్లు విని కళ్లు తుడుచుకుంటున్నారు. వాళ్లకు ధైర్యం వస్తున్న మాట నిజం, వస్తున్నది అబద్ధంలోంచి. దాన్ని లాగేయడం న్యాయమా? అమ్మ ఆ మాట పట్టుకునే బతుకుతోందేమో. చెబితే ఆమె ఏమవుతుంది, ఊరుకుంటే నేనేమవుతాను? ముందు నుయ్యి, వెనక గొయ్యి. నువ్వు ఆ మాట వెనక్కి తీసుకో. సంఘం ముందు అక్కర్లేదు, నా ముందు చాలు. లేకపోతే మందిరం మానేస్తాను. అది తప్పో ఒప్పో నాకు తెలియడం లేదు.

తమ్ముడు

*

చిన్నోడా,

నా కళ్లకు అక్షరాలు ఆనడం లేదు. నేను చెబుతుంటే మీ అన్న రాస్తున్నాడు. తలుపు కింద నుంచి వచ్చిన కాగితం నేనే తీసి చదవమన్నాను. "ఏదో ప్రకటనమ్మా" అన్నాడు. ప్రకటన చదువుతూ మొహం అలా పెడతారా అన్నాను. అప్పుడు చదివాడు.

మీ నాన్న పాడుతూ పోలేదని నాకు అప్పుడే తెలుసు. ఆయన బతికుండగానే పాడలేదు. గొంతు కలవదని మందిరంలో పెదవులు కదిపేవారు. పక్కన నిలబడే నాకొక్కదానికే అది తెలుసు. మీ అన్న సాక్ష్యం వింటుంటే నవ్వొచ్చి రుమాలు అడ్డం పెట్టుకున్నాను. ఏడుస్తున్నాననుకున్నారు. అనుకోనిచ్చాను.

ఎందుకలా చెప్పావురా అని ఇవాళ అడిగాను. "నా ప్రార్థన వద్దన్నాడమ్మా. సంఘ పెద్దను, అది ఎవరికి చెప్పుకోను?" అన్నాడు. ఈ మాట రాయనన్నాడు. రాయమన్నాను. రాశాడు.

వంటగదికీ ఆ గదికీ గోడ ఒకటే. ఆయన అన్నది నాకూ వినిపించింది. నాతోనూ ఎప్పుడూ అదే అనేవారు, చేతిలో పని పడేసి పక్కన కూర్చోమని. ఆరోజూ నేను వెళ్లలేదు. ఆయన ప్రార్థనే వద్దన్నారో, పక్కన మనిషే కావాలన్నారో నేను చెప్పలేను. నా కోసమని ఎవరూ ఏదీ దాచక్కర్లేదు.

మీ అమ్మ

తమ్ముడూ, ఇక్కడి నుంచి నా మాట. అది అబద్ధమే. పాస్టరుగారికి ఫోన్ చేసి చెప్పాను. వచ్చే ఆదివారం పళ్లెం నేను పట్టను, సాక్ష్యం సరిదిద్దుతాను. కానీ ఎలా చెప్పాలో తెలియడం లేదు. ప్రార్థనలో నా కళ్లు మూసి ఉన్నాయి. "చాల్లేరా" అన్నప్పుడు నాన్న మొహం చూసింది నువ్వొక్కడివే. నిజంగా కోపంగా ఉన్నాడా? నువ్వు ఏం చెబితే అది నమ్ముతాను.

అన్న