మా ఇంటికి కమీషన్

షేక్ గారికి అలెగ్జాండ్రియా ఇళ్ల బ్రోకరు సలాములు.

కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ ముందే చెబితే ఇద్దరి దగ్గరా కమీషన్ తీసుకోవచ్చని మీరే ఫత్వా ఇచ్చారు. ఇప్పుడు చిక్కు వేరు. భర్త పోయిన ఇన్షిరాహ్‌కు, వాళ్లన్న తోడుండగా, పదకొండు ఇళ్లు చూపించాను. ఒక్కటీ నచ్చలేదు. టీకని మా ఇంట్లో ఆగితే, నేనొక్కణ్ణే ఉండే ఆ ఇల్లు నచ్చింది. దాచడం తప్పు కదా, అద్దెది కాదు, నా సొంతమేనని చెప్పేశాను.

"అమ్మేదీ మీరే, మధ్యవర్తీ మీరే. ఇక కమీషన్ దేనికండీ?" అంది.

"అయితే అమ్మను. మిమ్మల్ని పెళ్లి చేసుకుని, పెళ్లికూతురికిచ్చే మెహర్‌గా రాసిస్తాను," అన్నాను. నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు.

"పరదాలు మాత్రం మార్చాలి," అంది.

గురువారం నిఖా మీరే చదవాలి. ఒక్కటే సందేహం. సంబంధం కుదిర్చింది తానేనంటూ వాళ్లన్న నన్ను ఇంటి ధరలో రెండున్నర శాతం కమీషన్ అడుగుతున్నాడు. ఇవ్వచ్చా? మీరు కూడదన్నా ఇచ్చేసేలా ఉన్నాను.