గిరీష్ చెయ్యి

తార్నాక,
ఆదివారం

ప్రియమైన అత్తమ్మా,

మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? దివ్యని ఎప్పుడడిగినా "అమ్మ బాగానే ఉంది వదినా" అని తేల్చేస్తుంది. మీతో ఫోన్లో మాట్లాడాలంటే నేను అరవాలి, మీరు "ఆఁ, ఆఁ" అనాలి, పక్క ఫ్లాటువాళ్ళు మనమేదో పోట్లాడుకుంటున్నామనుకోవాలి. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఈ సంగతి అరిచి చెప్పేది కూడా కాదు.

అణు విద్యుత్ కేంద్రాల్ని నడిపేవాళ్ళు వేరు, వాళ్ళమీద కన్నేసి ఉంచే మా ఆఫీసు వేరని మీకు తెలుసు. గిరీష్ దాన్నెంత ఎగతాళి చేసేవారో ఇంకా బాగా తెలుసు. "మేం పొయ్యి దగ్గర చెమటలు కక్కుతుంటే మీ కోడలొచ్చి ఉప్పు సరిపోయిందా అంటుందమ్మా" అని మీకు చెప్పి నవ్వేవారు. మొగుడు అటూ పెళ్ళాం ఇటూ ఉంటే, ఆ కేంద్రం కాగితం ఒక్కటి కూడా పెళ్ళాం బల్లమీదికి రాకూడదని మాకు రూలు. ఆయన అక్కడ, నేను బొంబాయిలో. నెలకోసారో రెండుసార్లో వచ్చేవారు. వచ్చినా ఇంట్లో ఉద్యోగం మాట ఎత్తేవాళ్ళం కాదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన పనిచేసే కంట్రోల్ రూమ్ గుమ్మం నేను తొక్కలేదు.

సంవత్సరీకం అయ్యాక నేను హైదరాబాదుకి బదిలీ ఎందుకు వేయించుకున్నానో మీరు అడగలేదు. ఆ బొంబాయి ఇంటి తలుపు నాకు భరించరానిదైపోయింది. ఇక్కడ యూనివర్సిటీలో ఒక పాత ల్యాబు మా ఆఫీసు తీసుకుంది. ఏదైనా కేంద్రంలో తేడా జరిగితే, అక్కడి యంత్రాలు రికార్డు చేసినదంతా తెచ్చి, ఇక్కడ ఒక నకిలీ ప్యానెల్ మీద మళ్ళీ నడిపిస్తాం. ఏ అలారం ఎప్పుడు మోగింది, ఏ బటన్ ఎప్పుడు నొక్కారు, అన్నీ జరిగిన వేగంతోనే జరుగుతాయి. కేంద్రం పేరు, తేదీ, మనుషుల పేర్లు తీసేసి ఇస్తారు. మొహం చూసి తీర్పు చెప్పకూడదని. ఒక్కోసారి రెండు మూడేళ్ళ పాతవి కూడా వస్తాయి. ముగ్గురం విడివిడిగా చూసి, విడివిడిగా రాయాలి.

ఆ గది గురించి చెప్పాలి మీకు. మధ్యాహ్నం పూట క్లాసులు అయిపోయాక క్యాంపస్ ఆ వైపు మనిషి అలికిడి ఉండదు. కిటికీ అవతల చెట్లలో నెమళ్ళు అరుస్తుంటాయి, పసిపిల్ల ఏడ్చినట్టే ఉంటుంది. లోపల గోడ పొడుగునా ప్యానెల్. రికార్డు నడుస్తుంటే ముందు ఎవరూ ఉండరు, అయినా మీటర్లలో ముళ్ళు కదులుతాయి, దీపాలు వెలుగుతాయి, నొక్కిన బటన్ వెలిగి వెనక టక్కుమంటుంది. ల్యాబు చూసే బుచ్చిరాములు స్టూలు బయట వేసుకుని కూర్చుంటాడు. "మనిషి లేడు మేడం, గని పనైతున్నది. నాకు మంచిగనిపిస్తలేదు" అన్నాడు మొదటి రోజే. ఇంత చదువుకున్న ఊళ్ళో ఇదేం భయమయ్యా అని ఆటపట్టించాను.

పోయిన మంగళవారం కొత్త రికార్డు పెట్టాను. ఆపి ఉంచిన రియాక్టర్. ఆపినా లోపల వేడి పుడుతూనే ఉంటుంది, పంపు నీళ్ళు తిప్పుతూనే ఉండాలి. ఆ పంపు ఆగిపోయింది. అలారం మోగింది. వెంటనే ప్యానెల్ మీద టక్‌టక్, కాస్త ఆగి, టక్.

అత్తమ్మా, నేను లేచి తలుపు తీయబోయాను.

సగం గది నడిచాక గాని ఎక్కడున్నానో తెలియలేదు. అది గిరీష్ బెల్లు కొట్టే తీరు. మీకు వినపడక చాలా ఏళ్ళయింది కాబట్టి మర్చిపోయి ఉంటారు. రెండుసార్లు గబగబా, లోపల నా అడుగుల చప్పుడు కోసం ఆగి, ఇంకోసారి మెల్లగా. లిఫ్టు బటనూ అంతే, మిక్సీ స్విచ్చూ అంతే. ఆ గదిలో నా ఎదురుగా, ఎవరూ లేని చోట, ఆయన చెయ్యి మూడుసార్లు వెలిగింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ మళ్ళీ పెట్టాను. ఆపబుద్ధి కాలేదు. ఆయన్ని పనిలో చూడటం నాకిదే మొదలు.

ఇప్పుడు అసలు బాధ. మొదటి బటన్ మోత ఆపేది. రెండోది "చూశాను" అని యంత్రానికి చెప్పేది. మూడోది దీపం ఆర్పేది. మొదటిదానికీ రెండోదానికీ మధ్య మనిషి ఆ దీపం మీద రాసింది, అంటే ఏది చెడిందో, చదవాలి. ఈ చెయ్యి చదవలేదు. మోతనూ ఆపి, చూశానని కూడా చెప్పేసింది. ఆ తర్వాత చాలాసేపు పంపు దగ్గరికి ఎవరూ పోలేదు, నీళ్ళు వేడెక్కుతూ పోయాయి. ఎవరో ముల్లు చూసి రెండో పంపు నడిపించారు కాబట్టి ఏమీ కాలేదు. కేంద్రంవాళ్ళ నివేదికలో అసలు అలారమే మోగలేదు, పరికరం పాడైంది అని ఉంది.

మనిషిని గుర్తుపడితే ఆ మాట చెప్పి పక్కకి తప్పుకోవాలని మా రూలు. చెబితే తప్పు గిరీష్ పేరున పడుతుంది. చెప్పకపోతే, ఎవరో తెలియని చెయ్యి అని రాసి ఊరుకోవచ్చు. మీకు ఇదంతా రాయడం కూడా తప్పే. కానీ ఆయన్ని నాకంటే ముందు ఎరిగినవారు మీరొక్కరే. ఏం చెయ్యమంటారు?

మీ కోడలు,
ధరణి


అనంతపురం,
గురువారం

అమ్మా ధరణీ,

ఉత్తరం దివ్య చదివి పెడతానంటే లాక్కున్నా. నాకు చెవులు పోయినాయి గాని కండ్లు బాగున్నాయి.

నీ మీద కోపం వచ్చింది. దాచుకునేదేముంది. వాడు బతికున్నన్నాళ్ళూ నీ రూలు నిన్ను వాని జోలికి పోనీలేదు. ఇప్పుడు వాడు పొయినాక పట్టిస్తావా? బస్సులో కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడు, గుండె ఆగిపోతాందని పక్కనోనికి కూడా చెప్పలేకపోయినాడు. అట్లాంటోడు ఇప్పుడొచ్చి "నేను చూసే నొక్కినా" అని చెప్పుకుంటాడా? పోయినోని మీద తప్పు రాసేస్తే అందరికీ సుళువు. వాడు ఎదురు మాట్లాడడు. కేంద్రమోళ్ళకీ సుళువే, మీ ఆఫీసుకీ సుళువే. వానికి అడ్డం నిలబడేదానికి నువ్వు తప్ప ఎవురున్నారు?

వాడు పోయిన పదోనాడు అక్కడినుంచి ఎంతమంది వచ్చినారో చూస్తివి గదా. గిరీష్ సార్ దగ్గరే పని నేర్చుకున్నాం అని పిల్లోళ్ళు నా కాళ్ళు పట్టుకుని ఏడ్చినారు. ఆ పేరొక్కటే నాకు మిగిలింది. దాని మీద బురద పడనీవద్దు.

ఇంకో మాట, రాయాలంటే సిగ్గుగా ఉంది. ఆ గదికి నన్ను తీసుకుపో. నాకు వినపడదు, దీపాలైతే కనపడతాయి గదా. వాని చెయ్యి కదలడం ఒక్కసారి చూస్తా. రైలెక్కడానికి మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటా.

వాని పేరు నీ నోట రానీవద్దు. ఇది నా మాట.

గౌరమ్మ


తార్నాక,
శనివారం

అత్తమ్మా,

జవాబు రాయడానికి నాకు రెండు నెలలు పట్టింది. మీ ఉత్తరం మొదట నాలుగు రోజులు దిండు కింద పెట్టుకున్నాను. మీరన్నట్టు చెయ్యాలనే అనుకున్నాను. కానీ రోజూ పొద్దున తార్నాక నుంచి నడుచుకుంటూ ఆ గదికి పోవడం, ముందుగా ఆ రికార్డే పెట్టుకుని కూర్చోవడం, పని మానేసి ఆ మూడు వెలుగుల కోసం ఎదురుచూడటం మొదలుపెట్టాను. ఒకరోజు బుచ్చిరాములు తలుపులోంచి తొంగి చూసి, "ఎవరితోని మాట్లాడుతున్నరు మేడం?" అన్నాడు. నేను మాట్లాడుతున్నానని అప్పటిదాకా నాకు తెలియదు. ఆ రోజే భయం వేసింది.

మీ మాట కాదన్నాను. కొండలరావు గారని మా పెద్దాయన, ఈ పరిశీలనంతా ఆయన చేతిమీదే జరుగుతుంది, ఆయన గదికి పోయి చెప్పేశాను. ఆ చెయ్యి నా భర్తది అన్నాను. మీకు రాసిన సంగతి కూడా చెప్పాను. "అత్తగారికి ఉత్తరం" అని అది కూడా ఫైలులో రాసుకున్నారు. అంత బాధలోనూ నవ్వొచ్చింది.

ఆయన బీరువా తీసి, పేర్లున్న కవరు విప్పి, చాలాసేపు చదివారు. తర్వాత అద్దాలు తీసి పక్కన పెట్టారు.

"మీ ఆయన ఎప్పుడు పోయారమ్మా?"

నిరుడు ఉగాదికి ముందు అని చెప్పాను.

"ఇది నిరుడు దసరా అయ్యాక జరిగింది" అన్నారు.

నాకు నిజంగా అనిపించింది అత్తమ్మా, ఆయన అక్కడే ఉన్నారని, డ్యూటీకి పోతూనే ఉన్నారని. కేంద్రం అదేనని కొండలరావు గారు ఒప్పుకున్నారు. మర్నాడు అదే కేంద్రంవి ఇంకో మూడు రికార్డులు తెప్పించారు. వేరే వేరే షిఫ్టులు, వేరే వేరే మనుషులు. నన్ను పరిశీలన నుంచి తప్పించి, సాక్షిగా కూర్చోబెట్టారు. నాలుగింటిలోనూ టక్‌టక్, కాస్త ఆగి, టక్. మూడోది నడుస్తుండగా బుచ్చిరాములు లేచి గేటు దాకా వెళ్ళిపోయాడు.

మీ కాళ్ళు పట్టుకుని ఏడ్చిన పిల్లలే అత్తమ్మా. గిరీష్ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళని పేర్లు బయటపడ్డాక తెలిసింది. ఆయన పక్కన నిలబడి, ఆయన ఎలా నొక్కితే అలా నొక్కడం నేర్చుకున్నారు. ఆయనైతే కంట్రోల్ రూమ్ అవతలి కొస నుంచే దీపం చదివేసి, అప్పుడు వచ్చి నొక్కేవారేమో. ఆ ప్యానెల్ ఆయనకి కంఠతా వచ్చు. వీళ్ళు వేళ్ళు నేర్చుకున్నారు, చూపు నేర్చుకోలేదు. లేకపోతే ఆయన కూడా చూసేవారు కాదేమో. అది నాకు ఎప్పటికీ తెలియదు, మీకు అబద్ధం చెప్పను. అలారం మోగలేదని రాసినవాళ్ళు కూడా అబద్ధం ఆడలేదు. విని, నొక్కి, మర్చిపోయారు. తమ చెయ్యి కదిలినట్టు వాళ్ళకే తెలియదు.

ఒక్క మనిషి తప్పయితే ఒక్క పేరు రాసి మూసేసేవారు. ఇది కేంద్రం మొత్తానికి అంటుకున్న అలవాటు కాబట్టి, నివేదికలో ఎవరి పేరూ రాయలేదు. మీరు కోరిన మాట మీకు దక్కింది. బదులుగా ఒక ఆదేశం వెళ్ళింది. అలారం మోగితే ముందు దీపం మీద ఉన్నది పైకి చదవాలి, పక్కనున్నవాళ్ళు ఆ మాట తిరిగి చెప్పాలి, ఆ తర్వాతే చెయ్యి ముందుకు పోవాలి. పరిశీలన ముగిసింది, ఇక పేర్లు దాచేదేమీ లేదు. ఆ నలుగుర్నీ ఇక్కడి ప్యానెల్ మీద కొత్త పద్ధతి నేర్చుకోవడానికి పంపారు. పాత అలవాటును గుర్తుపట్టగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి, వెనక నిలబడి చూడమని నాకు పని అప్పజెప్పారు.

నన్ను చూడగానే "గిరీష్ సార్ వాళ్ళ మేడం" అని నలుగురూ నమస్కారం పెట్టారు. భానుప్రకాశ్ అనే అతను మిమ్మల్ని పేరుపెట్టి అడిగాడు. అతనికే మానడం కష్టమైంది. అలారం మోగగానే అతని చెయ్యి తనంతట తానే పోతుంది. టక్‌టక్, ఆగి, టక్. మొదటిసారి నేను ఆపలేదు. అతని వీపు నా వైపుంది, ఆ ఒక్కసారికి అది ఎవరి వీపో నేను చూడలేదు. రెండోసారి మోగినప్పుడు, "చదవలేదు మీరు. మళ్ళీ చెయ్యండి" అన్నాను. అతను తిరిగి చూశాడు. ఆ వారమంతా ఎన్నిసార్లు ఆపానో లెక్కలేదు. నిన్న సాయంత్రానికి నలుగురిలో ఒక్కరి చెయ్యి కూడా అలా పోవడం లేదు.

మీరు రైలెక్కకండి అత్తమ్మా. పాత రికార్డుల్ని సీలు వేసి బొంబాయి పంపేశారు, చూడటానికి ఇక్కడ ఏమీ మిగల్లేదు. ఆయన్ని ఎప్పుడూ పనిలో చూడలేదని రాశాను కదా మీకు. చూశాను, ఆపేశాను కూడా. మొదటిసారి ఆయన పోయినప్పుడు నేను పక్కన లేను. ఈసారి దగ్గరుండి పంపించాను.

మీ
ధరణి