అత్తగారి జట్టు, అల్లుడి నిద్ర

అల్లుడుగారికి దీవెనలు.

మీరూ, మీ బేకరీ, మీ పొయ్యీ క్షేమమని తలుస్తాను. ఇక్కడ నా కుడికాలు తప్ప అందరం బాగానే ఉన్నాం.

నేను మెట్ల మీద జారిపడ్డానని మా అమ్మాయి మీకు చెప్పి ఉంటుంది. అది మర్యాద కోసం చెప్పే మాట. నేను జారలేదు. మనవాళ్లు గోల్ కొట్టారని గెంతాను. దిగేటప్పుడు కింద పీట ఉన్న సంగతి చూసుకోలేదు. తీరా ఆ గోల్ ఆఫ్‌సైడని రెఫరీ కొట్టేశాడు. పడ్డదాన్ని పడ్డట్టే గొడుగు అందుకుని వాడి మీదికి విసిరాను. వాడికేం కాలేదు. టీవీ పోయింది.

డాక్టరు వచ్చి కాలికి కట్టు వేసి, బీపీ చూసి, తన కళ్లజోడు తీశాడు. కట్టు విప్పేదాకా మ్యాచ్ చూడకూడదట. "అయిపోయిన మ్యాచ్ గురించి ఎవరైనా రాస్తే చదువుకోండి, అప్పటికి రక్తం చల్లారి ఉంటుంది" అన్నాడు. పేపరువాడు నాలుగు ముక్కలు రాసి ఊరుకుంటాడు. ఫోనులో చెప్పించుకుందామంటే మా అమ్మాయి బీపీ మిషను పట్టుకుని పక్కనే నిలబడుతుంది. అందుకని శనివారం మ్యాచ్ చూసి మీరు నాకు ఉత్తరం రాయాలి.

మీకు ఫుట్‌బాల్ తెలియదని నాకు తెలుసు. మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు "మీకే జట్టు ఇష్టం?" అని అడిగితే, "అన్నీ బాగానే ఆడతాయండి" అన్నారు. ఆ మాట నేనింకా మరిచిపోలేదు.

మన జట్టు వెస్ట్ హామ్. ముదురు దానిమ్మ రంగు చొక్కా, లేత నీలం చేతులు. అద్దకం మిల్లులో రంగుతొట్ల ముందు వయసంతా గడిపినదాన్ని. ఆ రెండు రంగులనూ పక్కపక్కన పెట్టాలని తోచినవాడెవడో, వాడికో దండం. చిన్నపిల్లలు కూడా గుర్తుపడతారు. మీరూ పడతారనే నమ్ముతున్నాను.

ఉంటాను,
మీ అత్తగారు

తా.క. నా బీపీ ఎంత త్వరగా దిగితే మీ ఆవిడ అంత త్వరగా ఇంటికొస్తుంది. ఇక మీరే ఆలోచించుకోండి.

•

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీరు చెప్పినట్టే శనివారం బన్నుల ఆఖరి ట్రే దింపి, చేతులకంటిన పిండి కడుక్కుని, కాగితం, పెన్ను పెట్టుకుని సోఫాలో కూర్చున్నాను. నేను కోడికంటే ముందు లేచేవాణ్ని. అయినా మీ కోసం కన్నార్పలేదు.

మ్యాచ్ చాలా ప్రశాంతంగా జరిగింది. మైదానం మెత్తగా, తడిగుడ్డ కింద పెట్టిన పిండిలా కొంచెం కొంచెం పొంగుతోంది. మన దానిమ్మ చొక్కాలవాళ్లు అది ఎక్కడ అణిగిపోతుందోనని మునివేళ్ల మీద నడిచారు. టీవీలో చెప్పేవాడు "క్లీన్ షీట్, క్లీన్ షీట్" అని తెగ మెచ్చుకున్నాడు. నిజమేనండీ, మన గోల్‌కీపరు ఎంత శుభ్రమైన మనిషి! దుప్పట్లన్నీ ఉతికి గోల్ పోస్టు మీద వరసగా ఆరేశాడు. అవతలివాళ్లు కొట్టిన ప్రతి బంతీ ఆ తడిదుప్పట్లకు తగిలి, చప్పుడు లేకుండా జారి, గడ్డిలో ఒత్తిగిలి పడుకుంది. ఎవరూ ఎవరినీ కేకలెయ్యలేదు. రెఫరీ ఈల తీసి నోట్లో పెట్టుకున్నాడు గానీ, అందులోంచి పిల్లతెమ్మెర మాత్రమే వచ్చింది.

ఆఖర్న మనకో గోల్ వచ్చింది. ఎవరు కొట్టారో తెలియలేదు. కిటికీలో పిట్ట వాలినట్టు దానంతటదే వచ్చి వాలింది.

మీ అమ్మాయిని అడిగానని చెప్పండి.

వినయంతో,
మీ అల్లుడు

తా.క. మ్యాచ్ అయ్యేసరికి మైదానంలో ఒకావిడ ఉల్లిపాయలు తరుగుతోంది. మ్యాచ్ తరవాత వాళ్లు అందరికీ భోజనాలు పెడతారా?

•

అల్లుడుగారికి దీవెనలు.

మీ ఉత్తరం చదివాక డాక్టరు బీపీ చూశాడు. మిషను పాడైందనుకుని మళ్లీ చూశాడు. "ఏం మందు వాడారు?" అని అడిగాడు. "మా అల్లుడు" అన్నాను. ఈ మాట నా నోట వస్తుందని నేనూ అనుకోలేదు, మా అమ్మాయీ అనుకోలేదు.

క్లీన్ షీట్ అంటే ఒక్క గోలూ పడనివ్వకపోవడమని తెలుసు గానీ, ఆ దుప్పట్ల సంగతి మాత్రం నాకు అంతుపట్టలేదు. కొత్త రూలేమో. వీడియోలో కాలిగోరు కొలిచి ఆఫ్‌సైడ్ ఇచ్చే రోజులివి. దుప్పట్లు ఆరేసుకోనిస్తే వాళ్ల సొమ్మేం పోయింది?

వీధి మలుపులో మందుల షాపాయన ఉన్నాడు. మనం గెలిచామని చెప్పి పంపితే, ఓడిపోయామని తిరిగి చెప్పి పంపాడు. ఆయన టాటెన్‌హామ్ జట్టు మనిషి. వాళ్ల గుర్తే బంతి మీదెక్కిన కోడిపుంజు. బంతి మీద నిలబడ్డం వేరు, బంతి ఆడ్డం వేరు. ఆయన మాట మీద నాకు నమ్మకం లేదు. మీ ఉత్తరం చేతిలో ఉండగా ఆయనతో నాకేం పని? బీపీ మాత్రలకు అమ్మాయిని పక్క వీధి షాపుకు పంపుతున్నాను.

మీకు కొంచెం జ్ఞానం రావాలని రాస్తున్నాను. లివర్‌పూల్ ఎరుపు ఎన్ని ఉతుకులు ఉతికినా పోని ఎరుపు. ఓడిపోతున్నా వాళ్ల అభిమానులు పాట ఆపరు. ఆర్సెనల్‌వాళ్లకు బట్ట చాలక చేతులు తెల్లగా కుట్టించారు. అయినా ఆట నేతపనిలా ఉంటుంది. ఎంతసేపూ నేస్తూనే ఉంటారు, తానులోంచి చొక్కా ఎప్పుడు కుడతారా అని మనం కాచుకుని కూర్చోవాలి. మాంచెస్టర్ సిటీ ఆట కుట్టుమిషను. ఒక్క కుట్టూ తప్పదు, అందుకే నాకు ఆవులింత వస్తుంది. మాంచెస్టర్ యునైటెడ్ బీరువాలో దాచిన పాత పట్టు. తీసి చూసుకోవడం, మళ్లీ మడతపెట్టడం. మన వెస్ట్ హామ్ అంటారా, ఆరేసిన రోజే వాన పడుతుంది. అయినా ఆరేస్తూనే ఉంటాం.

ఒక లోపం. లెఫ్ట్ బ్యాక్ ఎలా ఉన్నాడో ఒక్క ముక్కా రాయలేదు. నాకు లెఫ్ట్ బ్యాక్ గురించే బెంగ. ఈసారి మరిచిపోతే రెడ్ కార్డు తప్పదు.

మీ అత్తగారు

తా.క. ఆ ఉల్లిపాయలావిడ ఏ జట్టు?

•

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీరు లెఫ్ట్ బ్యాక్ గురించి అడిగారని చదివి చాలా సంతోషించాను. నా వీపు గురించి ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఎడమ వైపు బాగానే ఉందండీ. మైదా బస్తాలు మోసినప్పుడు కుడివైపే పట్టేస్తుంది.

రెడ్ కార్డు తప్పదన్నారు కదా, ఉన్న షాపులన్నీ తిరిగాను. ఎర్రవి అయిపోయాయట. పసుపు కార్డు ఒక్కటే మిగిలింది. దాని మీద "త్వరగా కోలుకోవాలి" అని రాసి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఎర్రది రాగానే అదీ పంపుతాను.

ఇక శుభవార్త. రెండు సున్నాతో గెలిచాం! దానిమ్మ చొక్కాలు, నీలం చేతులు, మీరు చెప్పినట్టే ఉన్నారు. అవతలివాళ్లవి తెల్లచొక్కాలు. మొదటి గోలుకు లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. రెండోది పడ్డాక సోఫా కొంచెం వెచ్చగా అనిపించింది.

ఆ తరవాతే అసలు అందం. జనం కూర్చున్న చోటు నుంచి సబ్బుబుడగలు లేచాయి. ఒక్కోటి ఒక్కో గదంత. మనవాళ్లు ఒక్కొక్కరూ ఒక్కో బుడగలోకి ఎక్కి కూర్చున్నారు. బంతి కూడా ఒకదానిలో ఎక్కింది. అన్నీ మా బేకరీ పొగగొట్టం మీదుగా వెళ్లాయి. ఒక బుడగలో మీ అమ్మాయి కూర్చుని, దుకాణం తాళం వేశారా అని సైగ చేసింది. వేశానన్నాను.

లేచి చూస్తే వేయలేదు.

విజయోత్సాహంతో,
మీ అల్లుడు

తా.క. పాపం, తెల్లచొక్కాలవాళ్లు చాలా దిగులుగా ఉన్నారు. వాళ్లలో ఒకతన్ని ఎక్కడో చూసినట్టనిపించింది. మీ హాల్లో గోడకు వేలాడే ఫోటోలో అనుకుంటాను. మీ చుట్టాలా?

•

ఏమయ్యా!

నాకు పసుపు కార్డు చూపిస్తావా? మంచం మీదున్న ఆడదాన్ని, నేనేం ఫౌల్ చేశానని? రెఫరీలకే లేని ధైర్యం నీకెక్కడి నుంచి వచ్చింది? పైగా ఎర్రది కూడా వస్తోందని కబురు!

అది సరే. నీ రెండు సున్నా నమ్మి నేను చేసిన పని విను. వీధంతా మిఠాయి పంచిపెట్టించాను. మందుల షాపాయనకు ప్రత్యేకంగా పెద్ద పొట్లం పంపాను, కడుపు మండాలని. ఆయన పొట్లం పట్టుకుని స్వయంగా వచ్చాడు. ముందు రెండు తిన్నాడు. మూతి తుడుచుకున్నాడు. అప్పుడన్నాడు: "అమ్మగారూ, ఓడిపోయినందుకు మిఠాయి పంచేవాళ్లని మిమ్మల్నే చూశాను."

ఆ దానిమ్మ చొక్కాలు ఆస్టన్ విల్లావాళ్లవి! వాళ్లవీ అవే రంగులు. వాళ్ల మైదానానికి వెళ్లాం కాబట్టి మనం తెల్లవి వేసుకున్నాం. మనల్ని ఓడిస్తుంటే నువ్వు లేచి నిలబడి చప్పట్లు కొట్టావు! ఆ ఫోటోలో ఉన్నది చుట్టం కాదు, మన కెప్టెన్!

మా అమ్మాయి నేల మీద కూర్చుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. "ఆయన కూర్చుంటే నిద్రపోతారమ్మా. నేను ఒక మాట మొదలుపెట్టి పూర్తిచేసేలోపు గురక వినిపిస్తుంది" అంది. అంటే దుప్పట్లూ, బుడగలూ, అన్నీ నీ కలలన్నమాట. ఆ ఉల్లిపాయలావిడ మ్యాచ్ తరవాత వచ్చే వంటల ప్రోగ్రామన్నమాట. నేనిక్కడ వాటిని పట్టుకుని ఊరితో పోట్లాట పెట్టుకున్నాను.

బీపీ మళ్లీ ఎక్కింది. మీ ఆవిడ ఇప్పట్లో రాదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మేలుకుని ఉండి చూసి రాయి.

కోపంతో,
అత్తగారు

తా.క. లెఫ్ట్ బ్యాక్ అంటే ఎడమ పక్క కాపలా కాసే ఆటగాడు. నీ వీపు గురించి నేనడగలేదు. అయినా అన్ని బస్తాలు ఒక్కడివే మొయ్యకు.

•

అత్తయ్యగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఒకసారి తిట్ల కోసం. ఇంకోసారి, ఇన్నేళ్లలో మొదటిసారి మీరు నన్ను "నువ్వు" అన్నందుకు.

ఈసారి నిద్రపోలేదు. ఒట్టు. సోఫాను గోడవైపు తిప్పేశాను. బకెట్లో చన్నీళ్లు పోసి, అందులో కాళ్లు పెట్టి, నిలబడే చూశాను. జట్టు పేరు తెరకు ముక్కు ఆనించి చదివాను. వెస్ట్ హామ్. మన మైదానం. అవతల న్యూకాజిల్, నలుపు తెలుపు చారలవాళ్లు.

దుప్పట్లు లేవు. బుడగలు ఉన్నాయి, మన మైదానంలో ఆటకు ముందు నిజంగానే సబ్బుబుడగలు ఊదుతారట గానీ చిన్నవి, మనిషి పట్టడు. మన లెఫ్ట్ బ్యాక్‌ను చూశాను. సన్నగా ఉంటాడు, ఎడమ మేజోడు జారిపోతూ ఉంటుంది, పైకి లాక్కునే తీరిక లేదు. ఆటంతా పరిగెత్తాడు. మనవాడు ఒకడు దూరం నుంచి కొడితే బంతి పోస్టుకు తగిలింది. నా కలలో అయితే లోపలికి మళ్లేది. నిజం పోస్టు చాలా గట్టిది అత్తయ్యగారూ. ఆ చప్పుడు నా పళ్లకు తగిలింది.

ఆఖరి క్షణంలో వాళ్లు గోల్ కొట్టారు. ఓడిపోయాం.

లెఫ్ట్ బ్యాక్ గడ్డి మీద కూర్చుని మేజోడు లాక్కున్నాడు. అప్పుడు నాకేమైందో తెలియదు. నేనూ వంగి నీళ్లలో లేని మేజోడు పైకి లాక్కోబోయాను. గెలవని వాళ్ల కోసం మీరు వారం వారం ఎందుకు కూర్చుంటారో నాకు ఎప్పుడూ అర్థమయ్యేది కాదు. నేనూ ఖాళీ ఇంట్లో మీ అమ్మాయి చెప్పుల చప్పుడు కోసం చెవి ఒగ్గి కూర్చుంటున్నాను కదా, ఇప్పుడు కొంచెం అర్థమైంది. మర్నాడు పిండి కూడా సరిగ్గా పొంగలేదు.

మీరు చెప్పింది చేశాను. మీ బీపీకి ఇది మంచిదో కాదో తెలియదు.

మీ
అల్లుడు

తా.క. ఆ గోల్ కచ్చితంగా ఆఫ్‌సైడే. చేతిలో నిన్నటి రొట్టె ఉంది, గట్టిపడింది. విసిరితే టీవీకి గురి తప్పింది. గోడకు చిన్న సొట్ట పడింది, మీ అమ్మాయికి చెప్పకండి.

•

నాయనా,

నీ ఉత్తరంలో ప్రతి అక్షరమూ నిజమే. నాకు తెలుసు. ఆ మ్యాచ్ నేనూ చూశాను.

ఆ మిఠాయి తిన్న రోజు నుంచి మందుల షాపాయనకూ నాకూ రాజీ కుదిరింది, ఆయన షాపు వెనకగదిలో చిన్న టీవీ ఉంది. ఆయనా, నేనూ, మధ్యలో దగ్గుమందు పెట్టెలు. మనవాడు దూరం నుంచి కొట్టాడు చూడు, అప్పుడు నేను గెంతాను. సరిగ్గా అప్పుడే మా అమ్మాయి నన్ను వెతుక్కుంటూ షాపులోకొచ్చింది. కాలికి కట్టు ఉన్న అమ్మ రెండు కాళ్లూ నేలకు ఆనకుండా ఉంది. గాల్లో ఉన్న మనిషి ఏమని బుకాయిస్తుంది?

నీకు తిట్ల ఉత్తరం పోస్టు చేసిన మర్నాడే మందుల షాపాయన తోడుతో వెళ్తే డాక్టరు కట్టు విప్పేశాడు. ఎముక అతుక్కుంది, నిన్ను తిట్టేసినందుకేమో బీపీ కూడా దిగింది, మ్యాచ్‌లు చూసుకోమన్నాడు. ఇంటికొచ్చేలోపు మందుల షాపులో గుడ్డకట్టు తీసుకుని మళ్లీ నేనే చుట్టుకున్నాను. కొత్త కట్టు వేశారని అమ్మాయితో చెప్పాను. మందుల షాపాయన ఇంత పొడుగు మొహం పెట్టి అవునన్నాడు.

ఎందుకంటావా? కట్టు విప్పితే అమ్మాయి నీ దగ్గరికి వచ్చేస్తుంది. అది వచ్చాక నాకు ఉత్తరం రాయాల్సిన అవసరం నీకేముంటుంది? నా మిల్లూ పోయింది, మీ మామగారూ పోయారు. శనివారం అంటే నాకు ఒక ఆట, ఒక అరుపు, అంతే ఉండేది. ఇప్పుడు మంగళవారం కూడా వచ్చింది, పోస్టు వచ్చే రోజు.

మీ ఆవిడ విసురుగా తన పెట్టె సర్దింది. తరవాత నాదీ సర్దింది. వచ్చే శనివారం పొద్దున్న బస్సుకు ఇద్దరం వస్తున్నాం. సోఫా మళ్లీ టీవీ వైపు తిప్పు. బకెట్ తీసెయ్యి. నువ్వు హాయిగా నిద్రపో, నేను మేలుకుని చూస్తాను. నువ్వు లేచాక నీ మ్యాచ్ నువ్వు చెప్పు, నా మ్యాచ్ నేను చెబుతాను. ఏది బాగుంటే అదే జరిగిందనుకుందాం.

ప్రేమతో,
అత్తయ్య

తా.క. మందుల షాపాయన ఒక మాట రాయమన్నాడు. వీలుచూసుకుని ఒక్క టాటెన్‌హామ్ మ్యాచ్ నిద్రపోయి చూడగలవా అని. మేలుకుని చూసేవాళ్లు ఆయనకు చాలామందే ఉన్నారట, ఏం ఉపయోగం లేదట.