నీ కారు పరీక్షకు పోయింది బావా

దానియేలు బావకు వందనాలు.

నువ్వు పోయి ఏడాదీ నాలుగు నెలలు. ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. బతికుండగా నేను చెప్పింది ఒక్కటీ వినని మనిషి, ఇప్పుడు రాస్తే చదువుతాడా అని... కానీ నీ కారు సంగతి నీకు కాక ఇంకెవరికి చెప్పాలి? బద్వేలులో వినేవాళ్లందరికీ ఇప్పటికే రెండేసి సార్లు చెప్పేశాను.

కారుకు పదిహేనేళ్లు నిండాయి. సొంత కారును అన్నేళ్లూ ఎవరూ ఏమీ అడగరు. ఆ తర్వాత మాత్రం బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టి, ఇది ఇంకా రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుంది అనిపించుకోవాలి. మనుషులకు ఇలాంటి పరీక్ష లేదు కాబట్టి సరిపోయింది. ఉంటే నేను గేటు దగ్గరే ఫెయిలు.

ఈ నియమం నేనే చదివి తెలుసుకున్నాను. బడి నన్ను ఐదో తరగతిలో వదిలేసింది గానీ నేను అక్షరాలను వదల్లేదు కదా. "ఏసోబూ, నువ్వు సదవని కాగితం మందు సీసా మీదిదొక్కటే" అనేవాడివి. ఇప్పుడు అదీ చదువుతున్నాను బావా. చదివినాక తాగాలనిపించడం లేదు.

మీ పెద్దోడు కర్నూలు నుంచి ఫోన్ చేశాడు. పాసయితే సరే మామా, ఫెయిలయితే తుక్కుకిచ్చేద్దాం అన్నాడు. వాడికేం, అంటాడు. మోకాళ్ల నొప్పులతో మా మరియమ్మక్క బస్సు మెట్టు ఎక్కలేదు. ఆదివారం చర్చికి రావాలన్నా, ఆ వెనకే ఉన్న నీ సమాధి దగ్గరికి రావాలన్నా ఆ కారే గతి. కారు తుక్కుకు పోతే అక్క నీ దగ్గరికి రావడం ఎట్లా?

పరీక్ష కన్నా ముందు కాగితాల్లో నీ పేరు తీసి అక్క పేరు రాయించాల్సి వచ్చింది. సంతకం పెట్టి వచ్చి అక్క రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నీ పేరు నేనేదో రబ్బరు పెట్టి తుడిచేసినట్టు...

తర్వాత కారును మస్తాను షెడ్డుకు తీసుకుపోయాను. వైపర్లు కొత్తవి వేశాడు. "వాన రానీ, అప్పుడు ఏయిద్దాం" అంటూ పదేళ్లు గడిపావు. మన జిల్లాను నమ్ముకుని అన్న మాట, నీ తప్పేం లేదు. ఇక హ్యాండ్ బ్రేకు. మస్తాను కిందికి దూరి బయటికి వచ్చి, మసి చేతులతోనే నెత్తి గోక్కున్నాడు.

"ఇది అరిగి చెడలేదప్పా. వాడక చెడింది."

ఎందుకు చెడదు? నువ్వు ఏనాడైనా దాన్ని ముట్టుకుంటివా? ఇల్లు కట్టేటప్పుడు మిగిలిన కడప రాతి ముక్కను ఉలితో చెక్కి, గోనెగుడ్డ చుట్టి, వెనక సీటు కింద పెట్టుకుంటివి. కారు ఎక్కడ ఆగినా అక్క దిగి చక్రానికి అడ్డం పెట్టాలి. పట్టుచీర కట్టుకుని పెళ్లికి పోయినా అదే ఉద్యోగం. నేను అడిగితే ఏమన్నావు? "బ్రేకు మనిషి సేసినాడు, రాయి దేవుడు సేసినాడు. ఎవుర్ని నమ్మమంటావు?" దీనికి పాస్టరు గారే జవాబు చెప్పలేకపోయాడు, నేనెంత?

మస్తాను కొత్త వైరు వేశాడు. అక్కకు చూపించాను. ఊఁ అంది. ఆ ఊఁ లోనే అర్థం చేసుకుని ఉండాల్సింది.

పరీక్షకు అక్కా నేనూ కడపకు పొద్దున్నే పోయాం. ఇన్‌స్పెక్టరు బానెట్ ఎత్తి చూస్తుంటే నాకు మా నాయన ఆలూరు సంతలో ఎద్దును కొన్నది గుర్తొచ్చింది. పళ్లు చూశాడు, సుళ్లు చూశాడు, గిట్టలు తట్టి చూశాడు. అన్నీ బాగున్నాయని తోలుకొస్తే, దానికి కుడి కన్ను లేదు. ఇంటికొచ్చినాక మా అమ్మ చెప్పింది. అందుకే ఈయన ఏది చూస్తున్నాడో అన్న భయం కన్నా, నేను ఏది చూడలేదో అన్న భయమే ఎక్కువగా ఉండింది.

లైట్లు వెలిగాయి. హారన్ మోగింది. చివరికి కారును మిట్ట మీదికి ఎక్కించి, హ్యాండ్ బ్రేకు వేసి దిగమన్నాడు. వేశాను, దిగాను. అంతలో వెనక తలుపు తెరుచుకుంది. స్నానాల గదికి పోవాలన్నా గోడ పట్టుకునే మనిషి, పదహారేళ్ల పిల్లలా కిందికి దూకి, వెనక చక్రానికి రాయి పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఇదేందమ్మా?" అన్నాడు ఆయన.

"రాయి నాయనా."

"రాయని తెలుస్తాండాది. ఎందుకు పెడితివి?"

"కారు ఆగల్ల కదా."

ఆయన నా వైపు చూశాడు. కొత్త వైరు అని ఏదో గొణిగాను. రాయి తీసేయమన్నాడు. అక్క తీయనంది. "మా ఆయన బతికినన్నాళ్లు దీన్నే నమ్మినాడు. మొన్న ఏసిన వైరును నేనెట్ల నమ్మేది?"

ఆయనే వంగి రాయి తీశాడు. అక్క ఏం చేసిందో తెలుసా? కారు వెనక్కి పోయి రెండు చేతులూ డిక్కీకి ఆనించి నిలబడింది. తను పట్టుకుంటానని, ఆయన పరీక్ష ఆయన్ను చూసుకోమని చెప్పింది. ఒక్కదాన్నే ఎలా వదిలేది? నేనూ పోయి పక్కన నిలబడి పట్టుకున్నాను. ఇద్దరికీ కలిపి నూట ముప్పై ఏడేళ్లు. వెనక వరసలో ఉన్న కార్ల వాళ్లంతా ఫోన్లు తీశారు.

ఇన్‌స్పెక్టరు కోప్పడలేదు బావా. వచ్చి అక్క చెయ్యి పట్టుకుని, పెండ్లికూతుర్ని నడిపించినట్టు మెల్లగా పక్కకు తీసుకుపోయాడు. నేనూ తప్పుకున్నాను, కళ్లు మూసుకుని.

కారు కదల్లేదు. అంగుళం కూడా కదల్లేదు.

అక్క చక్రం కిందికి తొంగి చూసింది. "ఆగిందే..." అంది. ఆ మాటలో ఉన్నది సంతోషమా, అన్నేళ్లు ఊరికే దించినందుకు నీ మీద కోపమా? నాకు తెలియలేదు. నీకు తెలిసి ఉంటుంది.

పాసయింది. ఇంకా అయిదేళ్లు. నీ దగ్గరికి ఆదివారాలు తీసుకొచ్చే పూచీ నాది. అయిదేళ్లకు మళ్లీ పరీక్షకు పోవాలి. నేనుంటే నేనే తీసుకుపోతాను, లేకపోతే వచ్చి ఈ కథ నీకు నోటితోనే చెబుతాను.

తిరిగి వచ్చేటప్పుడు సిద్ధవటం దాటకముందే అక్క నిద్రపోయింది. ఇంటి ముందు ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, అయినా సీటు కింది రాయి పెట్టమని లేపాను.

నీ బామ్మర్ది,
ఏసోబు