కాచని డప్పు

బాపుకు, అవ్వకు సౌదీలోని హాయిల్ నుంచి మీ కొడుకు రాజేశం కాళ్లు మొక్కి రాసేది. నేను బాగున్నాను, నా గురించి దిగులు వద్దు. అవ్వ మోకాలు ఎట్లుంది? చెల్లె లక్ష్మీ, బాపు అన్నం తిన్నాక పక్కన కూర్చోబెట్టుకొని ఇది చదివి వినిపించు. ఫోన్లో చెబుదామంటే నా గొంతు లేవగానే బాపు ఫోన్ అవ్వ చేతికి ఇచ్చేస్తాడు. అందుకే సెలవు మీద ఊరికి వస్తున్న మా రూములోని గంగాధర్ చేతికి ఈ కాగితం ఇచ్చి పంపుతున్నాను.

షాంఘై నుంచి తిరిగి వచ్చి కొన్నాళ్లయింది. ఇక్కడ ఊరి బయట ఎడారిలో మా కంపెనీ పెద్ద పాటల ప్రోగ్రాములకు స్టేజీలు కడుతోంది. వాటికి వేసే డ్యాన్సు ఫ్లోరు పని నేర్చుకు రమ్మని మాకు వీసా ఇచ్చిన కఫీల్ కాగితాలు చేయించి నన్ను అక్కడికి పంపాడు. "చైనా పోయి తాగి ఎగిరి వచ్చిండు" అని రూములో ఇప్పటికీ ఆటపట్టిస్తారు. నేను తాగింది పాలు లేని టీ నీళ్లు. తిండీ అంతే, కారం లేదు, పులుపు లేదు. గంగాధర్ తిరిగి వచ్చేటప్పుడు ఎల్లిపాయ కారం పంపండి, మరవద్దు.

అక్కడ మేం పని చేసింది ఒక డ్యాన్సు క్లబ్బులో. చెక్క ఫ్లోరు కింద చిన్న చిన్న మోటార్లు బిగిస్తాం. పాట మోగితే దాని దెబ్బ అరికాళ్లలోంచి పైకి వస్తుంది. ఆ పాటకు మాటలే ఉండవు. దెబ్బ మీద దెబ్బ, అంతే. దానికే ఆడా మగా చెమటలు కారేదాకా ఎగురుతారు. పని అయిపోయిన రోజు మమ్మల్నీ లోపలికి రానిచ్చారు. ఓ మూలన నిలబడి కళ్లు మూసుకుంటే నీ డప్పు వింటూ మన వాకిట్లో ఉన్నట్టే అనిపించింది బాపూ.

నాకు కోపం వచ్చింది మాత్రం అంతకు ముందురోజు మధ్యాహ్నం. డీజే వచ్చి తన పెట్టెలు సరిచూసుకుంటున్నాడు. ఒక దెబ్బ వేస్తాడు, వింటాడు, ఏదో తిప్పుతాడు, మళ్లీ వేస్తాడు. అతను చాలనేదాకా మేమంతా సుత్తులు కింద పెట్టి కూర్చున్నాం. క్లబ్బు యజమాని తానే టీ తెచ్చి ఇచ్చాడు. తొందరపెట్టినవాడు లేడు. తోలు బిగిసి బాగా మోగాలని నువ్వు గడ్డి మంట వేసి డప్పు కాచుకోవడం కూడా ఇదే కదా? అటూ ఇటూ తిప్పి కాచి, వేలితో తట్టి విని, మళ్లీ మంట మీద పెడతావు. మరి నీకు టీ ఎవడు తెచ్చి ఇచ్చాడు? "ఇంకెంతసేపురా" అని పెళ్లివాళ్లు అరిచారు. పందిరి బయటే నిలబెట్టారు, అందరూ తిన్నాక అన్నం పెట్టారు. అదంతా గుర్తొచ్చి నా ఒళ్లు మండిపోయింది.

ఆ మంట ఆరకముందే, హాయిల్‌లో దిగిన రోజే చెల్లె పటేల్ కొడుకు పెళ్లి సంగతి చెప్పింది. బరాతు ఊరేగింపుకు డీజే బండి మాట్లాడారట. మాట్లాడుకోనీ, వాళ్లిష్టం. కానీ నిన్ను పిలిచి పటేల్ ఏమన్నాడు?

"నువ్వు కొట్టుడేం వద్దు. రుమాలు సుట్టుకొని డప్పు పట్టుకొని ముందట నిలవడు. వీడియోల మంచిగ వస్తది."

దానికి నువ్వు సరేనన్నావట. "కొట్టకుంటేంది, పిలిచిండ్రు గద" అని అవ్వతో అన్నావట.

ఎందుకన్నావు బాపూ? నువ్వేమన్నా పందిరికి కట్టే అరటి పిలకవా? మన ఊళ్లో నీ దెబ్బకు కాలు కదపని మనిషి ఉన్నాడా? తన పెళ్లిలో పటేల్ ధోతి ఊడిపోతున్నా పట్టించుకోకుండా ఎగిరాడని నువ్వే కదా నవ్వుతూ చెప్పేవాడివి. ఇప్పుడు ఆయన కొడుకు పెళ్లిలో నువ్వు బొమ్మలా నిలబడాలా? తలుచుకుంటే ముద్ద దిగడం లేదు నాకు. అవ్వా, నువ్వైనా ఒక మాట అనొద్దా?

పోవద్దంటే నువ్వు వినవని తెలుసు. మాట ఇచ్చావు, ఇచ్చిన మాట తప్పే మనిషివి కావు. సరే, పో. కానీ కొట్టేది లేదు కదా అని డప్పు కాచకుండా చంకన పెట్టుకొని మాత్రం పోకు. పటేల్ వాకిట్లోనే మంట వేసుకో. నీ చెవికి నచ్చేదాకా కాచుకో. ఎవడు అరిచినా లేవకు.

పెదబాపుకు, చిన్నవ్వకు నా దండాలు చెప్పండి. చెల్లె బాగా చదువుకోవాలి. మీ దీవెన నా మీద ఉంచండి, నాకు ఇంకేం వద్దు.

కాచిన డప్పు చేతిలో ఉంటే నీ చెయ్యి ఊరుకోదు బాపూ. అది నాకు తెలుసు. పటేల్‌కే తెలియదు.

మీ కొడుకు
రాజేశం