లోపలి ప్యాడ్

సోమవారం, రాత్రి



పొద్దున కారును మెకానిక్ ఖాదర్ భాయ్ దగ్గర సర్వీసుకు ఇచ్చినాను. ముందర ఎడమ చక్రం ఊడదీసి, "ఇట్ల రాప్పా, సూడు" అని పిలిచినాడు. బయటి బ్రేక్ ప్యాడ్ బాగానే ఉండాది. లోపలిదానికి ఉత్త రేకు మిగిలింది. ఇనుము మీద ఇనుము రాసుకొని డిస్కు నిండా గీతలు. "ప్యాడ్లు జరిగే పిన్ను బిగుసుకుపోయిందబ్బా, అందుకే ఇదొకటే అరిగింది" అన్నాడు.

ప్రతి శుక్రవారం చక్రాలు కడిగి, పసుపు కుంకుమ పెట్టి, చక్రం సందులోంచి ప్యాడ్‌ను తొంగి చూసేది నేనే కదా! ఆ సందులోంచి కనిపించేది బయటిది ఒక్కటేనంట. ఇన్నాళ్లూ దాన్నే చూసి, బ్రేకులు చూసేసినాననుకొని ధైర్యంగా తిరిగినా.

నిన్న ఆ బండిలోనే కదా తిరుమల నుంచి దిగింది! ముందు సీట్లో నాయన. వెనక అమ్మ, నా భార్య, ఆమె ఒళ్లో పాప. మలుపుల కాడ గీరుమని శబ్దం వస్తాంటే నాయన అడిగినాడు, "ఏందిరా అది?"

"ఏం లేదు నాయనా, దుమ్ము పడుంటాది. గట్టిగా గోవిందా అనండి" అన్నా. అందరూ అందుకున్నారు. అలిపిరి దాకా నాకు మళ్లీ ఆ శబ్దం వినపడలేదు.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇందాక అన్నం తింటా నాయనే ఆ మాట ఎత్తినాడు. "గోవిందా అంటానే ఆ శబ్దం ఎట్ల నిలిచిపోయిందో సూసినావా?"

తలూపినాను.

నిలిచిపోలేదు నాయనా. మనకు వినపడలేదు, అంతే...